తల దెబ్బను తూచే కాంటా

సంక్రాంతి దాటిందంటే ఆర్మూరు చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికీ ఊపిరి సలపదు. పసుపు తవ్వాలి, కొమ్ములు విరవాలి, ఉడకబెట్టాలి, కల్లంలో ఆరబోయాలి, పాలిష్ పట్టాలి. ఆఖరున బస్తాలకెత్తి ట్రాక్టరు మీద నిజామాబాదు మార్కెట్ యార్డుకు చేర్చాలి. తొమ్మిది నెలల కష్టం ఆ కాలంలోనే చేతికి వస్తుంది. రోడ్ల మీద రద్దీ కూడా ఆ కాలంలోనే. ఒక పక్క కాశ్మీరు నుండి కన్యాకుమారి వరకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి, మరో పక్క నిజామాబాదు నుండి మెట్‌పల్లి, జగిత్యాల వైపు పోయే 63వ నంబరు రహదారి. రెండూ ఆర్మూరు దగ్గరే కలుస్తాయి. వెనక దీపం లేని ట్రాలీలు, పక్కనే మోటారు సైకిళ్లు, పరుగులు తీసే లారీలు.

ఒక సంగతి మీ ముందు ఉంచుతాను. ఇది ఏ ఒక్క కుటుంబం కథా కాదు. ఏ ఊరిలోనైనా, ఏ ఇంటిలోనైనా జరగగల సంగతి. మీ ఇంటివారినే తలంచుకొని చదవండి.

పసుపు అమ్ముకొని బావ, బామ్మర్ది మోటారు సైకిలు మీద తిరిగి వస్తున్నారు. పొద్దుగూకింది. పెర్కిట్ దాటాక రోడ్డు అంచున ఆగి ఉన్న ట్రాలీ కనబడలేదు. బండి తగిలింది. వెనక కూర్చున్న బామ్మర్దికి మోకాలు చీరుకుపోయింది. బండి నడిపే బావ తల పక్కకు కొట్టుకొని నిమిషంసేపు కదలలేదు. తరువాత లేచి కూర్చున్నాడు. "మనం ఏడికి పోతున్నం?" అని రెండు మూడు సార్లు అడిగాడు. ఎవరో పసుపు తెచ్చి గాయంలో అద్ది తువ్వాల చుట్టారు. కాసేపటికి తేరుకున్నాడు. నడిచే ఇంటికి వచ్చాడు.

"ఏం గాలే తియ్యి అక్కా, సన్న దెబ్బనే. నడుచుకుంటనే వచ్చిండు గదా" అన్నాడు తమ్ముడు. చాయ్ తాగాడు, వాంతి చేసుకున్నాడు. తల పగిలిపోతోందన్నాడు. తొమ్మిదింటికి పడుకున్నాడు. పదకొండింటికి భార్య లేపబోతే గొణిగాడేగాని లేవలేదు. పెద్ద గురక పెడుతున్నాడు. "దినమంతా తిరిగిండు, అలిసిపోయిండు. పండుకోనియ్యి బిడ్డా" అంది అత్త. తెల్లవారుజామున నాలుగింటికి ఎంత పిలిచినా పలుకలేదు.

ఆ ఇంటిలో ప్రేమకు కొదువ లేదు. డబ్బుకూ ఆ రోజున కొదువ లేదు, జేబులో పసుపు పైసలున్నాయి. కొదువైనది ఒక్కటే. దెబ్బ ఎంత పెద్దదో తెలుసుకునే కొలత. ఆ కొలత ఉన్నది. అత్యవసర విభాగంలోని డాక్టర్లు, నర్సులు దినదినమూ వాడేది అదే. దాన్ని అర్థం చేసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు.

కంటి అంచనా, కాంటా లెక్క

పసుపు రైతుకు తూకం సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. కుప్పను చూచి "ఇది పది క్వింటాళ్లుంటది" అని ఒకరంటారు, "ఎనిమిదే" అని మరొకరంటారు. కాంటా మీద పెట్టిన తరువాతే మాట తెగుతుంది. ఒక యార్డులో తూచినా, మరో యార్డులో తూచినా అంకె ఒకటే రావాలి. అప్పుడే అది కాంటా.

తల దెబ్బల విషయంలో చాలా కాలం అటువంటి కాంటా లేదు. ఒక డాక్టరు "సగం స్పృహ" అని రాస్తే, మరొకరు "మత్తు" అని, ఇంకొకరు "కోమా" అని రాసేవారు. రాత్రి డ్యూటీ డాక్టరు రాసిన మాటకు పొద్దున వచ్చిన డాక్టరు వేరే అర్థం చేసుకునేవాడు. రోగి పరిస్థితి రాత్రికి రాత్రి దిగజారిందో, బాగుపడిందో తేల్చడం కష్టమయ్యేది.

1974లో స్కాట్లాండులోని గ్లాస్గో నగరంలో గ్రహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ అనే ఇద్దరు మెదడు శస్త్రచికిత్స నిపుణులు ఈ చిక్కుకు దారి చూపారు. లండను నుండి వెలువడే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వారు ఒక కొలతను ప్రచురించారు. దానికి యంత్రం అక్కరలేదు, కరెంటు అక్కరలేదు, రక్త పరీక్ష అక్కరలేదు. మూడు సంగతులు గమనిస్తే చాలు. దానికి గ్లాస్గో కోమా స్కేల్ అని పేరు. ఆసుపత్రులలో పొట్టిగా జీసీఎస్ అంటారు. యాభై ఏళ్లు గడిచినా లోకమంతటా నేటికీ ఆ కొలతే వాడుకలో ఉన్నది. నిజామాబాదులో రాసిన అంకె హైదరాబాదులో డాక్టరుకు అలాగే అర్థమవుతుంది.

మూడు ప్రశ్నలు

మొదటిది, కళ్లు. పిలవకుండానే కళ్లు తెరిచి ఉంటే 4 మార్కులు. పిలిస్తే తెరిస్తే 3. వేలి గోరు మీదనో, భుజం కండరం మీదనో గట్టిగా నొక్కితేనే తెరిస్తే 2. అసలు తెరవకపోతే 1.

రెండవది, మాట. తన పేరు, తానున్న చోటు, నెల సరిగా చెబితే 5. మాట్లాడుతున్నాడుగాని తికమకగా ఉంటే 4. పొంతన లేని విడి మాటలు వస్తే 3. మూలుగు మాత్రమే వస్తే 2. ఏమీ లేకపోతే 1.

మూడవది, కదలిక. "చెయ్యి ఎత్తు", "నాలుక బయట పెట్టు" అంటే అలాగే చేస్తే 6. మాట వినడుగాని, నొక్కిన చోటికి చెయ్యి తెచ్చి తోసివేస్తే 5. నొప్పికి చెయ్యి వెనక్కు లాక్కుంటే 4. చేతులు వింతగా ఛాతీ మీదికి ముడుచుకుంటే 3. కట్టెలాగా బిగుసుకొని చాచుకుంటే 2. కదలకపోతే 1.

మూడింటినీ కలిపితే ఎక్కువలో ఎక్కువ 15, తక్కువలో తక్కువ 3. మొత్తం మనిషి పడిపోయినా 3 ఉంటుందేగాని సున్నా ఉండదని గమనించండి. 13 నుండి 15 వరకు స్వల్ప గాయం, 9 నుండి 12 వరకు మధ్యరకం గాయం, 8గాని అంతకు తక్కువగాని ఉంటే తీవ్ర గాయం అని విభజిస్తారు. 8కి దిగిన మనిషి తన గొంతును తాను కాపాడుకోలేడు. నాలుక వెనక్కు జారవచ్చు, వాంతి ఊపిరితిత్తులలోకి పోవచ్చు. కనుక అటువంటివారికి సాధారణంగా గొంతులో గొట్టం వేసి శ్వాసను కాపాడుతారు.

మంచి డాక్టరు మొత్తం అంకె ఒక్కటే రాయడు. కళ్లకెంత, మాటకెంత, కదలికకెంత అని విడివిడిగా రాస్తాడు. ముఖం వాచి కళ్లు తెరవలేనివానికి, గొట్టం ఉండి మాట్లాడలేనివానికి ఆ భాగంలో 1 వేయక "చూడ వీలుకాలేదు" అని రాస్తాడు. తూకంలో గోనె బరువు తీసివేసినట్లే ఇది కూడా న్యాయమైన లెక్క.

ఆ రాత్రి లెక్క వేసి చూద్దాం

ఇప్పుడు పెర్కిట్ దగ్గరికి తిరిగి వెళదాం. బావ లేచి కూర్చున్నప్పుడు కళ్లు తెరిచే ఉన్నాయి, 4. అడిగిందే అడుగుతున్నాడు, మాటకు 4. చెప్పినట్లు చేస్తున్నాడు, 6. మొత్తం 14. ఇంటికి నడిచి వచ్చేసరికి అంతా సరిగా చెబుతున్నాడు, 15. "బాగైపోయిండు" అనుకున్నారు.

తొమ్మిదింటికి పిలిస్తేనే కళ్లు తెరుస్తున్నాడు, 3. మాట తికమక, 4. చెప్పింది చేస్తున్నాడు, 6. మొత్తం 13. పదకొండింటికి కదిలించి నొక్కితేగాని కళ్లు తెరవలేదు, 2. మూలుగు, 2. భార్య చెయ్యిని తోసివేశాడు, 5. మొత్తం 9. నాలుగింటికి కళ్లు 1, మాట 1, చేతులు బిగుసుకున్నాయి, 2. మొత్తం 4.

15, 13, 9, 4. ఈ కొలతలోని అసలు విలువ ఇక్కడున్నది. ఒక్కసారి తూచిన అంకెకన్నా, మళ్లీ మళ్లీ తూచినప్పుడు అది ఎటు పోతున్నదో ముఖ్యం. 15 నుండి 13కు దిగిన తొమ్మిది గంటల వేళనే ఆ ఇంటి ముందు 108 వాహనం నిలబడవలసింది. గురక అలసట వలన వచ్చింది కాదు. స్పృహ తప్పి, నాలుక వెనక్కు జారి, గాలి దారి ఇరుకైన గురక అది.

మధ్యలో ఎందుకు బాగున్నాడు? చెవికి ముందు, కణత దగ్గర పుర్రె ఎముక పలుచన. దాని లోపలి వైపు ఒక రక్తనాళం పోతుంది. ఎముక పగిలినప్పుడు ఆ నాళం చిట్లితే, ఎముకకు, మెదడు పై పొరకు మధ్య రక్తం చేరుతుంది. మొదటి కుదుపుకు స్పృహ తప్పినవాడు తేరుకుంటాడు, మాట్లాడుతాడు, నవ్వుతాడు. లోపల రక్తపు గడ్డ పెరుగుతూనే ఉంటుంది. పుర్రె సాగేది కాదు. గడ్డకు చోటు కావాలంటే మెదడును నొక్కాలి. కొన్ని నిమిషాలలోగాని, కొన్ని గంటలలోగాని మనిషి మళ్లీ మత్తులోకి జారుతాడు. వేళకు ఎముక తెరిచి గడ్డ తీస్తే ఇటువంటివారిలో చాలామంది పూర్తిగా కోలుకుంటారు. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. ఇంత తేడా గంటల మీద ఆధారపడి ఉన్నది.

అత్యవసర విభాగంలో ఏం చేస్తారు?

మనవాళ్లను స్ట్రెచరు మీద లోపలికి తీసుకుపోతే, "వెంటనే తల ఫొటో తీయరేం?" అని మనం తొందరపడతాం. డాక్టరు మొదట గొంతు, శ్వాస, రక్తపోటు చూస్తాడు. మెదడుకు ఆక్సిజన్ తగ్గినా, రక్తపోటు పడిపోయినా మొదటి దెబ్బకు రెండవ దెబ్బ తోడవుతుంది. మొదటి దెబ్బ రోడ్డు మీద తగిలింది, దాన్ని ఎవరూ తిప్పివేయలేరు. రెండవ దెబ్బను ఆపవచ్చు. వైద్యులు పోరాడేది దాని కొరకే. మెడ ఎముక విరిగి ఉండవచ్చు గనుక మెడను కదలకుండా పట్టీ వేస్తారు. రక్తంలో చక్కెర చూస్తారు, ఎందుకనగా చక్కెర పడిపోయినా మనిషి మత్తుగా కనిపిస్తాడు.

ఆ తరువాత జీసీఎస్ చూసి, కంటిపాపలలో వెలుగు వేస్తారు. వెలుగు పడగానే పాపలు రెండూ చిన్నవి కావాలి. ఒకటి పెద్దదై కదలకుండా ఉంటే, లోపల ఒత్తిడి పెరిగి కంటి నరాన్ని నొక్కుతున్నదేమోనని అనుమానిస్తారు. అది ప్రమాద ఘంటిక. 2018లో జీసీఎస్ అంకెలో నుండి కంటిపాపల మార్కులు తీసివేసి లెక్కించే పద్ధతిని కూడా గ్లాస్గో వైద్యులు ప్రకటించారు. రెండు పాపలూ కదలకపోతే 2, ఒకటి కదలకపోతే 1 తగ్గిస్తారు.

సీటీ స్కాన్ ఎవరికి అవసరమో తేల్చడానికి కూడా నియమాలున్నాయి. కెనడా వైద్యులు 2001లో ప్రచురించిన నియమం ప్రసిద్ధమైనది. కాసేపు స్పృహ తప్పిగాని, జరిగింది మరచిగాని, 13 నుండి 15 మధ్య ఉన్న పెద్దవారి కొరకు దాన్ని తయారుచేశారు. దెబ్బ తగిలి రెండు గంటలైనా అంకె 15కు రాకపోవడం, రెండు లేక అంతకన్నా ఎక్కువ వాంతులు, పుర్రె పగిలిన గుర్తులు, 65 ఏళ్లు లేక పైబడిన వయస్సు, ప్రమాదానికి ముందు అరగంట సంగతులు గుర్తులేకపోవడం, వాహనం గుద్దడం లేక ఎత్తు నుండి పడడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా స్కాన్ చేయాలని ఆలోచిస్తారు. 12గాని అంతకు తక్కువగాని ఉంటే, మూర్ఛ వస్తే, రక్తం పలుచబరచే మందులు వాడేవారైతే ఈ నియమం కొరకు ఆగరు.

మందుల విషయంలో రెండు పెద్ద పరిశోధనలు వైద్యుల పద్ధతిని మార్చాయి. తల వాపు తగ్గుతుందని ఒకప్పుడు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. పదివేల మందికి పైగా రోగులతో జరిగిన పరిశోధన ఫలితాలు 2004లో వెలువడినప్పుడు, వాటివల్ల మరణాలు తగ్గకపోగా పెరిగాయని తేలింది. 2019లో వెలువడిన మరో పరిశోధనలో 12,737 మంది పాల్గొన్నారు. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లం అనే చవకైన మందును, దెబ్బ తగిలిన మూడు గంటలలోపు ఇస్తే, స్వల్ప, మధ్యరకం గాయాలవారిలో తల దెబ్బ వల్ల కలిగే మరణాలు తగ్గాయి. ఆలస్యమైన కొద్దీ మేలు తగ్గింది. ఇక్కడ కూడా గంటలదే లెక్క.

"స్వల్పం" అనే మాటతో జాగ్రత్త

స్వల్ప గాయమని రాసినంత మాత్రాన అంతా స్వల్పమే అనుకోరాదు. 13 ఉన్నవారిలో కొందరికి ఆపరేషను అవసరమవుతుంది. 15 ఉన్నవారిలో కొందరికి నెలల తరబడి తలనొప్పి, మతిమరుపు, కోపం, నిద్రలేమి ఉంటాయి. "దెబ్బ తగిలినప్పటి నుండి మనిషే మారిపోయిండు" అని భార్యలు చెప్పుకునే బాధ ఇదే. అటువంటివానిని "నటిస్తున్నాడు" అనకండి. ఈ కారణంగానే 2025లో పలు దేశాల నిపుణులు కలిసి ఒక కొత్త పద్ధతిని ప్రతిపాదించారు. అందులో జీసీఎస్, కంటిపాపలతోపాటు రక్తంలోని గుర్తులు, స్కాన్ చిత్రాలు, రోగి వయస్సు, పాత జబ్బులు, ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి వస్తాయి. పాత కాంటా పోలేదు, దాని పక్కన మరికొన్ని తూకాలు వచ్చాయి.

ముగ్గురి విషయంలో కాంటా తప్పు చూపవచ్చు. మొదట ముసలివారు. వయస్సుతో మెదడు కుంచించుకుపోయి లోపల ఖాళీ పెరుగుతుంది. నీళ్ల గది దగ్గర జారిపడిన అవ్వకు మూడు వారాల తరువాత నడక తడబడితే, మాట తేడా వస్తే, "వయసు మీద పడింది" అనవద్దు. నెమ్మదిగా చేరిన రక్తం కావచ్చు. రెండవది పసిపిల్లలు. మాటలు రాని బిడ్డను పేరు అడగలేము గనుక వారికి వేరే కొలత ఉన్నది. ఊరుకోబెట్టినా ఊరుకోని ఏడుపు, పాలు తాగకపోవడం, మాడు ఉబ్బడం, మత్తుగా పడి ఉండడం ప్రమాద సూచనలు. మూడవది తాగి పడినవారు. "కల్లు మత్తు, పొద్దున్నకు దిగుతది" అని వదిలివేయడం వల్ల పోయే ప్రాణాలున్నాయి. తాగినవాని తలకూ దెబ్బ తగులుతుంది. మత్తు దిగవలసిన వేళకు దిగకపోతే, లేక పెరుగుతూ పోతే అది కల్లు పని కాదు. తాగాడు గనుక వానికి తగిన శాస్తి అని తీర్పు తీర్చే వేళ అది కాదు, ఎత్తి వాహనంలో పడుకోబెట్టే వేళ.

దారి పక్కన మనం చేయగలది

మన వంటివారికి 15 మార్కుల లెక్క గుర్తుండకపోవచ్చు. నాలుగు మెట్లు గుర్తుంచుకోండి. మెలకువగా ఉన్నాడా? లేకపోతే పిలిస్తే పలుకుతున్నాడా? పలుకకపోతే గిల్లితే కదులుతున్నాడా? దానికీ కదలడా? ఏ మెట్టు మీద ఉన్నాడో గడియారం చూసి రాసిపెట్టండి. పావుగంటకొకసారి మళ్లీ చూడండి. మెట్టు దిగుతుంటే క్షణం ఆగవద్దు. ఆ చీటీని డాక్టరు చేతికి ఇవ్వండి. "ముందు మాట్లాడిండు, తరువాత మత్తులోకి పోయిండు" అన్న ఒక్క మాట డాక్టరుకు ఎంతో సాయం చేస్తుంది.

108కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన ఈ సేవ నేడు పల్లెలకూ వస్తుంది. వాహనం వచ్చేలోగా మెడను, తలను ఒక వరుసలో పట్టుకొని కదలకుండా చూడండి. వాంతి వస్తే తల ఒక్కటే తిప్పక, ఒళ్లంతా ఒకేసారి పక్కకు తిప్పండి. తల నుండి రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. ఎముక లోపలికి పోయినట్లుంటే దాని మీద నొక్కవద్దు. ఇద్దరి మధ్య కూర్చోబెట్టి మోటారు సైకిలు మీద తీసుకుపోవద్దు.

మన పసుపు సంగతి చెప్పక తప్పదు. వంటకు మంచిది, పంటకు గౌరవం. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మన నిజామాబాదులోనే మొదలైనప్పుడు అందరం సంతోషించాం. అయినా తల గాయంలో పసుపు నింపవద్దు. కాఫీ పొడి, బూడిద కూడా అంతే. పొడి కింద గాయం లోతు డాక్టరుకు కనబడదు. ఎముక పగిలి ఉంటే మలినం మెదడు పొరల దాకా పోతుంది. ముక్కు నుండి, చెవి నుండి నీళ్లలాంటిది కారుతుంటే దూది కుక్కవద్దు, అది మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు. నోట్లో నీళ్లు, చాయ్ పోయవద్దు. మూర్ఛ వస్తే చేతిలో తాళపు చెవులు, ఇనుము పెట్టినందువల్ల మేలు లేదు. నిద్ర పట్టేందుకు ఇంజెక్షను వేయించవద్దు, ఆ మత్తులో అసలు మత్తు దాగిపోతుంది.

"తల దెబ్బ తగిలినవాణ్ణి నిద్రపోనియ్యొద్దు" అని పెద్దలంటారు. నిద్ర చంపదు. నిద్ర అనుకొని స్పృహ తప్పడాన్ని గుర్తించకపోవడమే చంపుతుంది. డాక్టరు చూసి ఇంటికి పంపితే నిద్రపోవచ్చు. మొదటి రోజంతా ఒక పెద్దమనిషి తోడుండాలి. లేపితే లేచి సరిగా మాట్లాడాలి. పెరిగే తలనొప్పి, మళ్లీ మళ్లీ వాంతి, మూర్ఛ, ఒక వైపు చెయ్యి కాలు బలహీనత, మాట తడబాటు, వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రి అని చూడకుండా తీసుకువెళ్లండి.

భయం తీరిపోయింది

"పోలీసు కేసు మన మీదికి వస్తదేమో" అని ఎంతమంది బండి ఆపకుండా పోయారో! 2016లో సుప్రీం కోర్టు, ప్రమాదంలో సాయపడినవారిని వేధించరాదని తీర్పు చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ అనే భాగం చేరింది. సాయపడినవారి మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయరాదు. ఆ చట్టం సాయపడేవానికి పెట్టిన పేరేమిటో తెలుసా? గుడ్ సమారిటన్. అనగా మంచి సమరయుడు. దేశపు చట్టమే మన సువార్తలోని ఉపమానం పేరు తీసుకున్నది. యెరికో దారిలో వెళ్లి సాయపడకుండా తప్పుకొని పోయినవారు ఎవరో మనకు తెలుసు. తప్పుకునేందుకు ఇక చట్టం కూడా మనకు సాకు కాదు.

డబ్బు భయం కూడా కొంత తీరింది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి నిర్ణీత ఆసుపత్రులలో 7 రోజుల వరకు, 1,50,000 రూపాయల వరకు చేతి నుండి కట్టనక్కరలేని చికిత్సా పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో ప్రకటించింది. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. కార్డులు ఇంట్లో ఎక్కడున్నాయో ఈ రోజే చూసుకోండి.

అన్నిటికన్నా చవకైన వైద్యం హెల్మెట్టు. అనేక దేశాల పరిశోధనలను కలిపి చూస్తే, అది తల గాయాల ముప్పును సుమారు 69 శాతం, మరణాన్ని సుమారు 42 శాతం తగ్గిస్తుందని తేలింది. 2022లో మన దేశంలో హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మందని ప్రభుత్వ లెక్క. వారిలో 14,337 మంది వెనక కూర్చున్నవారు. భార్యకు, తల్లికి కూడా హెల్మెట్టు కొనండి. ట్రాలీ వెనక ఎర్రగా మెరిసే అట్టలు అంటించండి. రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టవద్దు.

మన సంఘాలు ఏం చేయవచ్చు?

వైద్య సేవ మన సంఘాలకు కొత్త కాదు. మన జిల్లాలోనే డిచ్‌పల్లిలో 1915 నుండి డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠు రోగులకు ఆసుపత్రి నడిపారు. 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు జేకబ్ చాందీ మన దేశంలోనే మొదటి మెదడు శస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించారు. అంతటి పనులు మనం చేయలేకపోవచ్చు. చిన్నవి చేయగలం.

స్కాన్ యంత్రం, మెదడు శస్త్రచికిత్స నిపుణుడు రాత్రి వేళ కూడా ఉండే దగ్గరి ఆసుపత్రి ఏదో సంఘ పెద్దలు ముందే కనుక్కొని, ఆ ఫోను నంబరు, 108 నంబరు మందిరం గోడ మీద రాయించవచ్చు. యౌవనస్థులలో ఇద్దరు ముగ్గురికి ప్రథమ చికిత్స నేర్పించవచ్చు. స్త్రీల మైత్రి కూటంలో ఆ నాలుగు మెట్లు ఒకరికొకరు చెప్పుకోవచ్చు. ఆసుపత్రి నుండి తిరిగి వచ్చినవాని ఇంటికి ఒక ఆదివారం కాదు, ఆరు నెలలు పోవచ్చు.

ఉపమానంలోని సమరయుడు ఏమేమి చేశాడో వరుసగా తలంచుకోండి. గాయాలు చూశాడు, కట్టు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్లవాని ఇంట చేర్చి రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు, డబ్బు కట్టాడు, మళ్లీ వస్తానని మాటిచ్చాడు. నేటి అత్యవసర వైద్యం చెప్పే క్రమం కూడా ఇంచుమించు అదే.

మన కథలోని ఇల్లాలు రాత్రి పదకొండింటికి భర్తను లేపి చూసింది. ఆమె మనసు ఏదో తేడా ఉందని చెప్పింది. ఆ తేడాకు ఒక పేరు, ఒక అంకె తెలిసి ఉంటే "పండుకోనియ్యి బిడ్డా" అన్నప్పుడు ఆమె ఆగేది కాదు. "లేదు అత్తమ్మా, ఇది నిద్ర కాదు. తమ్మీ, 108కి ఫోను కొట్టు" అనేది. ఈ పత్రిక చదివిన మీ ఇంటిలో ఆ మాట అనగలిగేవారు ఇకనుండి ఒకరైనా ఉండాలి. ఈ సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు ఆ నాలుగు మెట్లు పిల్లలతో కూడా చెప్పించండి.